వేసవి ఆవులు

"అక్కా, పాలకేంద్రానికి తాళం పడేది ఇవాళే! కార్యదర్శి గారు సంతకం పెట్టేశారంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తియ్యలేడు!"

గణాంకాల అమ్మాయి రొప్పుతూ వచ్చి చెప్పేసరికి తనిఖీ అధికారిణి కిటికీ దగ్గర నిలబడి ఉంది. కింద కొండ ప్రాంతపు రైతులు గేటు ముందు క్యాన్లకు క్యాన్లు పాలు పారబోస్తున్నారు. ఉన్న ఒక్క పాలకేంద్రం మూతపడితే వాళ్ళ బతుకులు బజారున పడ్డట్టే.

ఇంత రగడకీ మూలం వీళ్ళిద్దరూ పనిచేసే ఆఫీసు నివేదికే. తిండికీ సాగుకీ కలిపి ఒక్కో మనిషి వాటాకి ఎంత కాలుష్యం గాలిలో కలుస్తోందో ప్రాంతాల వారీగా పోల్చారు. కొండవాళ్ళ వాటా మైదానం వాళ్ళకి నాలుగింతలని తేలింది. ఆవుల త్రేన్పులే కారణమట. మందలు తగ్గాలంటే పాలకేంద్రం మూసెయ్యాలన్నారు.

"లెక్క మళ్ళీ వేశావా?"

"వేసి వేసి వేళ్ళరిగాయక్కా! భాగహారంలో తప్పు లేదు."

"మరి అన్ని ఆవులుంటే కేంద్రానికి అన్ని పాలూ రావాలి కదే? వట్టిపోయిన ఆవుల్నే ఏరి మరీ పెంచుతున్నారా ఏంటి?"

ఆమె పాలకేంద్రం మేనేజరుకు ఫోన్ చేసింది. అవతల ఆయన గయ్‌మన్నాడు.

"మా ఆవులు ఎక్కడున్నాయి తల్లీ అన్ని? ఎండాకాలం మైదానం మందలన్నీ మేతకి మా కొండెక్కుతాయి. చినుకు పడగానే దిగిపోతాయి. చుట్టాల్ని కూడా మా ఇంట్లో మనుషులుగా రాసుకుంటే ఎలా?"

ఆమె నివేదిక తిరగేసింది. ఆవుల్ని లెక్కపెట్టింది ఎండాకాలంలోనే. భాగించింది మాత్రం ఏడాది పొడుగునా కొండ మీద ఉండే మనుషులతో. మైదానం పశువుల త్రేన్పులన్నీ కొండవాళ్ళ నెత్తిన పడ్డాయి.

సర్వే ఎప్పుడు చెయ్యాలో నిర్ణయించేది ఒక్కరే.

డైరెక్టరు గదిలో ఆయన అద్దం ముందు కాలరు సర్దుకుంటున్నాడు. నాన్న పోయాక ఆమెను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది ఆ మనిషే.

"బాబాయ్, ఆ మందలు మైదానం వాళ్ళవని నీకు తెలుసా?"

ఆయన చెయ్యి కాలరు మీదే ఆగింది.

"వానాకాలం ఆ దారుల్లో జీపు ఎక్కదు చిట్టీ. ఎండల్లోనే వెళ్ళి లెక్కపెట్టి రావడం మొదట్నుంచీ మన అలవాటు. నివేదిక అచ్చుకెళ్ళాక తట్టింది."

"అప్పుడైనా చెప్పలేదే?"

"నెలాఖరుకి దిగిపోతున్నాను. ఈ వయసులో తలవంపులు ఎందుకని..." గొంతు తగ్గించాడు. "ఆ గణాంకాల పిల్ల లెక్క తప్పిందని చెప్పేద్దాం. చిన్నది, మందలిస్తారు, మర్చిపోతారు. కొండవాళ్ళ పాలకేంద్రమూ నిలబడుతుంది. పాము చావదు, కర్ర విరగదు."

"విరిగేది దాని నడుం బాబాయ్."

ఆయన మళ్ళీ అద్దం వైపు తిరిగాడు. ఆ మొహం చూడలేక ఆమె బయటికి వచ్చేసింది. ఎందుకు ఫోన్ చేశానా అనిపించింది. చెయ్యకపోతే తాళం పడేది, నిజమే. కానీ బాబాయి ఎప్పటికీ బాబాయిగానే మిగిలేవాడు.

మూసివేత ఉత్తర్వు మీద సంతకానికి పెట్టిన సమావేశంలో ఆమె ఆవుల సంగతంతా చెప్పింది. కార్యదర్శి కలం పక్కన పెట్టలేదు.

"గేటు దగ్గర గోల చేశారని నివేదిక వెనక్కి తీసుకున్నామంటే రేపు ప్రతివాడూ గేటెక్కుతాడు. తప్పు జరిగిందంటే చేసినవాళ్ళుండాలి. ఎవరు?"

గణాంకాల అమ్మాయి తల వంచుకుంది. బల్లకి అవతల డైరెక్టరు మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి, అందుకోకుండా అధికారిణి వైపు చూశాడు. చిన్నప్పుడు ఏ తప్పు చేసినా ఆమె ఆయన్ని అలాగే చూసేది. ప్రతిసారీ వెనకేసుకొచ్చేవాడు.

"చెప్పండమ్మా, టైమవుతోంది," అంటూ కార్యదర్శి ఉత్తర్వు కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ అమ్మాయి కాదండీ." ఆమె లేచి నిలబడింది. "వేసవి లెక్క సరికాదని తెలిసీ చెప్పనిది డైరెక్టరు గారు."

ఎవరూ నమ్మినట్టు లేరు. కలం కాగితం మీదే ఉంది. ఆమె ఈసారి గట్టిగా, ఆయన కళ్ళలోకి చూస్తూ అంది:

"మా బాబాయి."