పచ్చగా వదిలేసిన రెండు వలయాలు

ఆగస్టు రెండో సోమవారం పొద్దున్నే టెస్ హాలొరన్ స్టేడియంలోకి వచ్చింది. క్రీడా విభాగంలో ఎల్డన్ ష్రాగ్ పైన ఉన్న అధికారి ఆమె. గడ్డి తడికి చెప్పులు చేత పట్టుకుని మైదానం మధ్యదాకా నడిచింది.

"ఎల్డన్ గారూ, ఈసారి గీతలన్నీ వేసెయ్యండి. కూటమి గుర్తులు రెండూ మాత్రం ఆపండి."

"ఎందుకని?"

"పైనుంచి చెప్పారు. నాకూ అంతే తెలుసు. ఎవరితోనూ అనకండి. ముఖ్యంగా మీ కాఫీ బృందంతో."

ఎల్డన్ హార్లన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మైదానానికి ఇరవై తొమ్మిదేళ్లుగా రంగు వేస్తున్నాడు. పదకొండు కాలేజీల కూటమి గుర్తు, పదకొండు చుక్కల వలయం, అటొకటి ఇటొకటి వేయకుండా ఏ ఏడూ ఆట మొదలు కాలేదు. హార్లన్ ఈ కూటమిని వదిలి తూర్పువైపు పెద్ద కూటమిలోకి దూకుతుందని వేసవంతా ఊరు ఊరంతా కోడై కూస్తోంది. ఇన్నాళ్లూ అది ఎల్డన్‌కి ఊసుపోక చెప్పుకునే కబురు. ఇప్పుడు అది నిజమేమోననిపించింది.

కాఫీ హోటల్లో బడ్ ఫెన్‌స్కే అప్పటికే కచేరీ పెట్టేశాడు. మొక్కజొన్న విత్తనాల వ్యాపారం మానుకున్నాక ఆయనకి ఇదే పని. ఆకాశంలో ఎగిరే ప్రతి విమానం ఎక్కడికి పోతోందో ఫోన్లో చూపించే ఏర్పాటు ఉంది కదా, దాన్ని పట్టుకుని యూనివర్సిటీ ప్రెసిడెంటు విమానం వెంట పడుతుంటాడు.

"ఆదివారం చికాగోలో దిగింది. ఆ పెద్ద కూటమి ఆఫీసు ఉన్నది అక్కడే. సరిగ్గా రెండు గంటలు. తిరిగొచ్చేసింది. రెండు గంటల్లో ఎవడైనా ఏం చేస్తాడు చెప్పండి! సంతకం చేస్తాడు."

"పిజ్జా తినుంటాడు," అన్నారెవరో.

"ఆయన భార్య వంట నువ్వు తినలేదుగా. పిజ్జాకైనా పోతాడులే," అన్నారింకొకరు. అందరూ నవ్వారు.

బడ్ నవ్వలేదు. ఎల్డన్ వైపు తిరిగాడు. "నువ్వేంటయ్యా గుటకలు మింగుతున్నావ్? గోడలకి చెవులుంటే గడ్డికుండవా? నీ గడ్డి ఏమంటోంది?"

"నీళ్లు పెట్టమంటోంది," అన్నాడు ఎల్డన్. సగం తిన్న తీపి రొట్టె పళ్లాన్ని పక్కకి నెట్టాడు.

అతని బెంగ హార్లన్ గురించి కాదు, తమ్ముడు వర్లిన్ గురించి.

వర్లిన్ నది అవతల, గంటన్నర దూరంలో, అదే కూటమిలోని గ్రాండ్ రివర్ కాలేజీ మైదానానికి ఇదే పని చేస్తాడు. అన్నదమ్ములిద్దరికీ తాడు కట్టి గీత గీయడం నేర్పింది తండ్రి. హార్లన్ జట్టు గుర్తు కొంగ, గ్రాండ్ రివర్ వాళ్లది దున్న. నవంబరులో ఆ రెండు కాలేజీల ఆట అయ్యాక, ఓడిన కాలేజీ తాలూకు అన్నో తమ్ముడో తన ఇంటి ముందు గడ్డి మీద గెలిచినవాళ్ల జంతువు బొమ్మని తన చేత్తో వేయాలి. మంచు పడి కప్పేసేదాకా అది అక్కడే ఉండాలి. ఇరవై రెండేళ్ల పందెం. ఇద్దరూ మాటకారులు కారు. ఆ బొమ్మల మీది ఎకసెక్కాలే ఏడాదంతా వాళ్ల మాటలు.

మంగళవారం మధ్యాహ్నం వర్లిన్ ఫోన్ చేశాడు. ఎల్డన్ రంగు బండి నీడలో కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న బియెరాక్ అనే బన్ను తింటున్నాడు. భార్య నోర్మా దాంట్లో క్యాబేజీ, మాంసం దట్టంగా కూరుతుంది.

"అన్నయ్యా, సరస్సు దగ్గర గోల్ఫ్ మైదానం వాళ్లు నన్ను రమ్మంటున్నారు. శుక్రవారం పన్నెండింటికల్లా చెప్పాలి. కాదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటారట."

"వెళ్తావా?"

"వెళ్లాలని లేదు అన్నయ్యా. ఇది నా చేత్తో పెంచిన గడ్డి. మీరు కూటమిలో ఉంటే నేనిక్కడే ఉంటా. కానీ మీరు పోతే? మీ ఆట రోజు తప్ప మా స్టేడియం నిండేదెప్పుడు? గడ్డి పీకేసి ప్లాస్టిక్ తివాచీ పరుస్తామని మావాళ్లు అప్పుడే గొణుగుతున్నారు. ప్లాస్టిక్‌కి నేనెందుకు, చీపురుంటే చాలు." అంతలోనే అడిగాడు: "మీ వలయాలు వేశావా?"

"ఇంకా లేదు. వాన పడింది."

"వానా? మాకు నెల్నాళ్లుగా చుక్క లేదు. మీకెక్కడిది?"

ఎల్డన్ మిగిలిన బన్నుని కాగితంలో చుట్టేశాడు.

"సరేలే," అన్నాడు వర్లిన్. "కొంగ ఒంటికాలి మీద ఎంతసేపైనా నిలబడుతుంది. నాకు శుక్రవారం దాకే గడువు."

ఆ రాత్రి భోజనాల దగ్గర నోర్మాకి చెప్పేశాడు. ముప్పయ్యారేళ్లుగా కాపురం చేస్తున్న భార్యకి చెప్పడం 'ఎవరితోనూ' కిందికి రాదని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

"తమ్ముడికి చెప్పడానికి నీకు నోరు లేదా?" అంది నోర్మా.

"మాటిచ్చాను. పైగా నాకు తెలిసిందేమిటి? రంగు వెయ్యొద్దన్నారు, అంతే. గుర్తే మారుస్తున్నారేమో. ఎవడో కంపెనీవాడి పేరు అంటిస్తున్నారేమో. నా మాట నమ్మి వాడు ఉద్యోగం వదిలేశాక అది కాస్తా గాలి కబురైతే?"

"చెప్పకపోతే, అది నిజమైతే?"

బంగాళాదుంపలు పళ్లెంలో చల్లారిపోయాయి.

బుధవారమంతా గీతలు వేస్తూ అదే ఆలోచన. ఇటు నుయ్యి, అటు గొయ్యి. తాడు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. ఎన్నడూ లేనిది ఇరవై గజాల గీత కాస్త వంకరపోయింది. తల ఎత్తితే స్టేడియం కప్పు మీద కెమెరా కనిపించింది. దూరాన ఉన్న అభిమానులు మైదానాన్ని ఇళ్ల నుంచే చూడాలని పెట్టింది అది. వర్లిన్ రోజూ పొద్దున కాఫీతోపాటు దాంట్లో అన్న గీతలు చూస్తాడు, వంకలు పెట్టడానికి.

ఎల్డన్ కెమెరాని చాలాసేపు చూశాడు.

గురువారం తెల్లవారకముందే వచ్చాడు. మిగిలిన గీతలన్నీ వేసేశాడు. మధ్యలో కొంగని వేశాడు. అంకెలు వేశాడు. ఏటా ఇంకో రెండు వారాలకి పూర్తయ్యే పని అది. వలయాల చోట్లు రెండూ పచ్చగా వదిలేశాడు. తర్వాత చిన్న మర తెచ్చి ఆ రెండు చోట్లా గడ్డిని అడ్డంగా, గుండ్రంగా కోశాడు. అడ్డంగా కోస్తే గడ్డి ముదురు రంగు తేలుతుంది. పైనుంచి చూస్తే తెల్లగీతల మైదానంలో రెండు నల్లటి కళ్లలా ఉంటాయి. గడ్డి తెలిసినవాడెవడూ దాన్ని మరచిపోయిన పని అనుకోడు.

తొమ్మిదయ్యేసరికి కంచె దగ్గర జనం పోగయ్యారు. బడ్ ఫెన్‌స్కే బాతుల వేటకి వాడే దూరదర్శిని తెచ్చుకున్నాడు. "చూశారా? నేను చెప్తే పిజ్జా అన్నారు!" అని అరుస్తున్నాడు. పదింటికి టీవీ వాళ్ల బండి వచ్చింది. పదింబావుకి టెస్ వచ్చింది, ఈసారి చెప్పులతోనే.

"నేనేం చెప్పాను మీకు?"

"వెయ్యొద్దన్నారు. వెయ్యలేదు."

"అడ్డంగా కోయమని ఎవరు చెప్పారు?"

ఎల్డన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. ఆమె ఇంకేదో అనబోయి, మోగుతున్న ఫోన్ చూసుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా వర్లిన్ ఫోన్ చేయలేదు.

శుక్రవారం పదకొండూ నలభైకి చేశాడు.

"సంతకం పెట్టేశాను," అన్నాడు. "స్టేడియం తాళాలు కూడా ఇచ్చేశాను."

"మంచిది."

"నీ ఇరవై గజాల గీత వంకర. తాగి వేశావా?"

"పక్షి రెట్ట మీద కాలు జారింది."

ఇద్దరూ కొంచెం నవ్వారు. ఎల్డన్‌కి మూడు రోజుల తర్వాత ఆకలి వేసింది.

మూడింటికి లారీ వచ్చి సామాను గది ముందు పొడుగాటి అట్టపెట్టె దింపింది. టెస్ దాని వెనకే వచ్చింది. ఎల్డన్ కత్తితో కోసి, లోపల చుట్టిన, గుర్తు ఆకారంలో చిల్లులున్న స్టెన్సిల్ పట్టాని నేల మీద పరిచాడు. వలయం. చుక్కలు లెక్కపెట్టాడు. పదకొండు. చుట్టూ కొత్తగా కిరణాల్లాంటి గీతలు. వెంట వచ్చిన రంగు డబ్బా మీద ఎప్పటి నీలం బదులు నారింజ.

"ఇది మన కూటమే," అన్నాడు.

"మనదే. కొత్త గుర్తు. సోమవారం ప్రకటించేదాకా దాచమన్నారు. దానికోసం ఇంత రభస చేశారు మీరు." ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "రెండేళ్ల దాకా మనం ఇందులోనే."

"మరి చికాగో?"

టెస్ కంచె వైపు చూసింది. "చికాగో సంగతి నాకు తెలీదు, ఎల్డన్ గారూ."

ఆమె వెళ్లాక అతను బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టాడు. మళ్లీ తీశాడు.

"వర్లిన్, మేమెక్కడికీ పోవట్లేదు రా. గుర్తు మారింది, అంతే. నేనే నిన్ను..."

జవాబు కోసం ఆగకుండా ఎల్డనే అన్నాడు.

"గోల్ఫ్ వాళ్లకి రానని చెప్పు. తాళాలు వెనక్కి అడుగు."

"నా చోటికి అప్పుడే మనిషిని చూసుకున్నారు అన్నయ్యా. మధ్యాహ్నమే." అన్నాడు వర్లిన్. "నవంబరులో మీరొచ్చినప్పుడు ఆ కొత్తవాడికి చెప్పు. ఉత్తరం మూల నీళ్లు నిలుస్తాయి. ఇసుక వెయ్యాలి. కాగితం మీద రాయడం మర్చిపోయా."

"తప్పు నాదిరా."

"నువ్వు నోటితో ఏమీ చెప్పలేదుగా. నేనే చూశా, నేనే అనుకున్నా. రెండేళ్లన్నావ్ కదూ? ఆ తర్వాత మళ్లీ ఇదే గోల. మూడేళ్లుగా నేనూ మీ ప్రెసిడెంటు విమానం చూస్తూనే ఉన్నా, తెలుసా? తిన్నది ఒంటబట్టేది కాదు. ఇవాళ ఫోన్లోంచి అది తీసి పారేశా."

"పందెం సంగతి?"

"నా ఇంటి ముందు గడ్డి నాదేగా. అది ఎవడూ పీకలేడు. కొంగ కాళ్లు సరిగ్గా గీయడం మాత్రం ఇప్పుడూ నేర్చుకోను, ఈసారి ఆ అవసరం రాదు."

ఫోన్ పెట్టేశాక ఎల్డన్ పట్టాని చంకన పెట్టుకుని మైదానంలోకి నడిచాడు. ముదురు గడ్డి మీద దాన్ని పరిచి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టాడు. నారింజ రంగు కలిపాడు. మొదటి చుక్క మీదికి గొట్టం వంచేసరికి పైన ఎక్కడో చిన్న విమానం చప్పుడైంది.

గొట్టం ఆపి తలెత్తాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది ఎటు పోతోందో చూస్తూ నిలబడ్డాడు.