మూడో అంతస్తులో సినిమా

“ఆఫీసుల బాత్రూములన్నీ నువ్వే కడుగుతవ్. మల్ల నీకు పోతందుకు జాగ లేదంటవేందే?” అన్నాడు ఓదెలు, తిన్న పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుంటూ.

సత్తెమ్మ మెతుకులు తేలుతున్న పళ్ళెం తీసుకుని బయట మోరీలో పారబోసింది. పెళ్ళయి పదహారేళ్ళు. పదహారేళ్ళుగా ఆ ఎంగిలి నీళ్ళు పారబోసేది ఆమే. నిన్న సర్కారు దవాఖానలో డాక్టరమ్మ తలెత్తకుండా చీటీ రాస్తూనే చెప్పింది: “ఉచ్చ ఆపుకోవద్దు. నీళ్ళు మస్తు తాగు. మళ్ళ ఇట్లనే చేస్తే కిడ్నీలు ఖరాబైతయ్, అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడ్వకు.” ఆ మాట మొగుడికి ఎలా చెప్పాలా అని నిన్నటి నుంచి ధైర్యం కూడగట్టుకుని చెబితే, ఆయనగారు అన్న మాట ఇది. ఓదెలు మాదాపూర్‌లో ఒక కంపెనీకి క్యాబు నడుపుతాడు. దారిలో ఏ గోడ కనబడితే ఆ గోడ ఆయనదే. బండి ఆపుతాడు, అటు తిరిగి నిలబడతాడు, అయిపోతుంది. జాగా లేకపోవడమంటే ఏమిటో ఆయనకు ఎట్లా తెలియాలి?

సత్తెమ్మ పనిచేసేది కూడా మాదాపూర్‌లోనే, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మూడో అంతస్తులో. హౌస్‌కీపింగ్. పొద్దున ఏడింటికి వెళితే సాయంత్రం ఐదింటి దాకా. అక్కడి ఆడవాళ్ళ బాత్రూంలో ఆరు గదులున్నాయి. గంట గంటకూ ఆరూ కడిగి, తలుపు వెనక వేలాడే కాగితం మీద సంతకం పెట్టాలి. అద్దం మీద తుంపర్లు తుడవాలి. వాడి పారేసిన ప్యాడ్లు, కాగితంలో చుట్టే ఓపిక కూడా లేని పెద్ద చదువుల పిల్లలవి, చేత్తో ఏరి సంచిలో వెయ్యాలి. ఇన్ని చేసినా ఆ ఆరింటిలో ఒక్కదాంట్లోనూ ఆమె కూర్చోకూడదు. పనోళ్ళకు కింద బేస్‌మెంటులో ఒకటుంది. ఆడా మగా, డ్రైవర్లూ సెక్యూరిటీ వాళ్ళూ అందరికీ అదొక్కటే. దానికి గడియ లేదు. ఒకరోజు ఆమె లోపల తలుపును కాలితో అదిమిపట్టి కూర్చుని ఉంటే ఎవడో బయటి నుంచి తోశాడు. తోసి, నవ్వాడు. ఆ నవ్వు విన్నాక ఆమె మళ్ళీ అటు పోలేదు. పొద్దున చాయ్ మానేసింది. తర్వాత నీళ్ళు మానేసింది. నాలుక పిడచకట్టుకుపోయినా పెదవులు తడుపుకుని ఇల్లు చేరేదాకా ఉగ్గబట్టుకునేది. చేసిన బుద్ధి తక్కువ పని అదే. నీళ్ళు తాగకపోతే బాధే ఉండదనుకుంది. ఆమె ఉండే బస్తీలో ఆడవాళ్ళు సగంమంది అలాగే అనుకుంటారు.

ఆర్నెల్ల కింద తనతో పాటే పనిచేసే అనసూయమ్మ అనే పెద్దావిడ, షుగరు మనిషి, తట్టుకోలేక మూడో అంతస్తు బాత్రూంలోకే దూరింది. బయటికొస్తుంటే హెచ్చార్ మేడం రసజ్ఞ చూసింది. ముఖం మీద ఒక్క మాట అనలేదు సరికదా, చిన్నగా నవ్వింది కూడా. సీటుకు పోయి మెయిలు రాసింది. పరిశుభ్రత దెబ్బ తింటోందని. రోజూ వాళ్ళ మురికి కడిగే మనిషి కూర్చుంటే మురికి అవుతుందట! మర్నాడు అనసూయమ్మ పనిలో లేదు.

“ఆంధ్రోళ్ళ కంపెనీలు గట్లనే ఉంటయ్,” అన్నాడు ఓదెలు చాప మీద ఒరుగుతూ. “మన తెలంగాణ రానియ్. అన్నీ సక్కగైతయ్.”

“కింది బాత్రూంకే పోవాలె అని కాయిదం అతికిచ్చింది ఆంధ్రోడు కాదు. మీ రాజేందరే.”

రాజేందర్ హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. వరంగల్ మనిషి. ర్యాలీల్లో ఓదెలు పక్కనే జెండా పట్టుకుని నడుస్తాడు. ఓదెలు అటు తిరిగి పడుకున్నాడు.

సత్తెమ్మకు తెలంగాణ వద్దని కాదు. ధూంధాంలో పాట మొదలైతే ఆమెకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ పోయిన ఆదివారం వంటావార్పు జరిగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినాలని పిలుపు. రోడ్డు ఆపింది మగవాళ్ళు. వండింది ఆడవాళ్ళు. తినేటప్పుడు మొదటి బంతి మళ్ళీ మగవాళ్ళదే. మైకులో ఒకాయన ఆత్మగౌరవం, ఆత్మగౌరవం అని గొంతు చించుకుంటున్నాడు. ఎనిమిదింటికి పొయ్యి దగ్గర కూర్చున్న సత్తెమ్మ రెండింటికి ఇక వల్లకాక, ఎక్కడికి పోవాలని ఓదెలును మెల్లగా అడిగింది. “ఇంటికాడ పోయి రావద్దా? గిది గూడ నేనే చూడాల్నా?” అన్నాడు ఆయన పదిమందిలో. అందరూ నవ్వారు. గంటె విసిరి ఆయన ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. నాలుగింటి దాకా పప్పు కలుపుతూ కూర్చుంది. మర్నాటికి మంట, చలిజ్వరం, దవాఖాన.

ఆ వారంలో ఒక రోజు బంద్ జరిగింది. బంద్ రోజు పోయిన పనిని కంపెనీలు శనివారం ఉద్యోగులను రప్పించి చేయించుకుంటాయి. అలా వచ్చినవాళ్ళు మూతి ముడుచుకోకుండా రసజ్ఞ మేడం మధ్యాహ్నం పెద్ద మీటింగు హాల్లో సినిమా ఏర్పాటు చేసింది. ఆ శనివారం రాజేందర్ పదకొండింటికి సత్తెమ్మ దగ్గరికొచ్చాడు.

“మేడం నిన్ను గూడ సిన్మాకు కూసోమంటున్నది. ముందు కుర్చీల. అయినంక కంపెనీ వీడియోకని కెమెరా ముంగట అడుగుతరు. ‘సిన్మా మస్తున్నది, మా బిడ్డ గూడ గిట్లనే ఎదగాలె’ అని చెప్పు. గంతే. ఎక్కువ తక్కువ మాట్లాడకు. అనసూయమ్మ యాదికున్నది గద?”

యాదికి ఉంది. కూతురు జ్యోతి తొమ్మిదో తరగతి. ఓదెలు బండి బందుల్లో సగం రోజులు తిరగడం లేదు. ఈ పని పోతే బిడ్డ బడి మానాలి. సత్తెమ్మ తలూపింది. ఆ మాటను తుడుపుకర్రతో పాటు అటూ ఇటూ నడుస్తూ నాలుగుసార్లు అనుకుని చూసుకుంది. డాక్టరమ్మ చెప్పిందని ఆ పొద్దున రెండు చెంబుల నీళ్ళు తాగి వచ్చింది. మధ్యాహ్నానికే కడుపు బిగిసింది. హాల్లో అడుగు పెట్టగానే రసజ్ఞ చల్లటి కూల్‌డ్రింకు గ్లాసు చేతికిచ్చింది. “తీసుకో సత్తెమ్మా, ఇవాళ నువ్వు మా గెస్టువి,” అంది. వద్దంటే ఏమనుకుంటుందోనని అది కూడా తాగింది.

హిందీ సినిమా. బొంబాయి మురికివాడలో నీళ్ళ క్యాన్లు మోసే ఒక పిల్లవాడు, తుప్పు సైకిలు మీద తొక్కి తొక్కి పెద్దపెద్ద వాళ్ళను ఓడించి పందెం గెలుస్తాడు. తెర మీద మురుగు కాలువ కనబడగానే హాలంతా “ఛీ” అంది. మరుక్షణం ఆ కాలువ మీద ఎండ పడి మెరిస్తే “అబ్బ” అంది. “ఫ్రేమ్ చూడు, ఏం తీశాడ్రా!” అన్నాడు వెనక వరసలో లోహిత్ అనే టీం లీడరు. సత్తెమ్మకు కంపరం పుట్టింది. ఆ కాలువ లాంటిదే ఆమె ఇంటి ముందు ఉంది. వానాకాలం గడప దాటి లోపలికొస్తుంది. దాన్ని చూసి ఎవరూ ఇంతవరకు అబ్బ అనలేదు. ఇక్కడ కాలువకు వాసన లేదు. ఏసీ చల్లదనం ఉంది, చేతిలో పాప్‌కార్న్ ఉంది, ముక్కుపుటాలకు గదిలో చల్లిన మల్లెపూల సెంటుంది. బీదతనం ఇంత శుభ్రంగా ఉంటే ఎవరికి చేదు?

ఆ పిల్లవాడి తల్లి ఇళ్ళల్లో అంట్లు తోముతుంది. బస్తీలో మరుగుదొడ్డి లేదు. రోజంతా ఆపుకుని, చీకటి పడ్డాక డబ్బా పట్టుకుని రైలు పట్టాల వైపు పోతుంది. ఒకరోజు అక్కడే రైలు కిందపడి చనిపోతుంది. అప్పుడు గాని కొడుక్కు గెలవాలన్న రోషం రాదు. తల్లి చస్తే తప్ప కథ ముందుకు కదలదన్నమాట. హాల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు. రసజ్ఞ కళ్ళొత్తుకుంటూ పక్కమ్మాయితో అంటోంది: “చీకటి పడేదాకా ఆపుకోవాలా పాపం? మనుషులేనా అండి వాళ్ళు, ఆడదానికి ఆమాత్రం చోటు చూపించరా?” టిష్యూ కాగితాలు ఒక్కొక్కటే ఉండలు చుట్టి నేల మీదికి వదులుతున్నారు. అవి ఎవరు ఏరాలో వాళ్ళకెవరికీ తట్టలేదు. సత్తెమ్మ తొడలు బిగించి, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. పొత్తికడుపులో ఎవరో కత్తి పెట్టి తిప్పుతున్నట్టుంది. మధ్యలో లేచి బేస్‌మెంటుకు పోదామా అనుకుంది. ఆ తలుపు, ఆ నవ్వు గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది.

పిల్లవాడు గెలిచాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు ఈలలు వేశారు. తర్వాత, ఎవరు మొదలుపెట్టారో, సత్తెమ్మ వైపు తిరిగి ఆమెకూ కొట్టారు. ఆమె ఏ సైకిలూ తొక్కలేదు. ఎందుకు కొడుతున్నారో వాళ్ళకే తెలియాలి. లోహిత్ చిన్న కెమెరా పట్టుకుని ముందుకొచ్చాడు. రసజ్ఞ ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

“సత్తెమ్మగారూ, చెప్పండి. సినిమాలో మీ మనసుకు హత్తుకున్నదేంటి?”

కెమెరా వెలగగానే గారు వచ్చి చేరింది. ద్వారం దగ్గర నిలబడ్డ రాజేందర్ చెప్పు, చెప్పు అని కళ్ళతో తొందరపెడుతున్నాడు. అప్పజెప్పిన మాట నాలుక చివరే ఉంది. అనేస్తే అయిపోతుంది. జ్యోతి బడి ఉంటుంది, సోమవారం పని ఉంటుంది, బేస్‌మెంటు ఉంటుంది. సత్తెమ్మ రసజ్ఞ ముఖంలోకి చూసింది. కాటుక చెదిరింది. కళ్ళు నిజంగానే ఎర్రబడ్డాయి. దొంగ ఏడుపైతే ఇంత బాధ ఉండేది కాదు. ఈమె నిజంగానే ఏడ్చింది. అనసూయమ్మను పంపించేసిన మనిషి, తెర మీది ఆడదాని కోసం మనసారా ఏడ్చింది. సత్తెమ్మ ఆ చెయ్యి తన భుజం మీద నుంచి తీసేసింది.

“ఆ తల్లి పొద్దూకేదాక ఆపుకున్నదని ఏడ్సినవు గద మేడం,” అంది. “నేను పొద్దుగాల ఏడు గంటల సంది ఆపుకున్న. ఈన్నే, నీ పక్కన్నే కూసుండి.”

“లోహిత్, కట్ చెయ్, కట్ చెయ్,” అంది రసజ్ఞ. సత్తెమ్మ అప్పటికే లేచింది. నడుము నిటారుగా పెట్టలేక కాస్త వంగే నడిచింది. ద్వారం దగ్గర రాజేందర్ లిఫ్టు వైపు వేలు చూపించాడు. ఆమె అటు పోలేదు. ఎడమకు తిరిగి, తాను పొద్దున్నుంచి ఆరుసార్లు కడిగిన బాత్రూంలోకి వెళ్ళి, చివరి గది తలుపు మూసి గడియ పెట్టుకుంది.

గడియ పడిన చప్పుడుకే ఆమెకు ఏడుపొచ్చింది. తర్వాత మంటకు కళ్ళు బైర్లు కమ్మాయి. పళ్ళు బిగించి గోడ పట్టుకుంది. పోతుంటే నొప్పి, నొప్పి వెనకే ప్రాణం లేచొచ్చినంత హాయి. బయట ఎత్తు మడమల చెప్పుల చప్పుళ్ళు ఎక్కువయ్యాయి. రెండున్నర గంటల సినిమా వదిలారు కదా, అందరూ ఇటే వచ్చారు. మిగతా ఐదు గదులూ నిండాయి. వరస కట్టారు. వరండాలోంచి రాజేందర్ గొంతు: “సత్తెమ్మా, జల్ది బయటికి రా! నా నౌకరి గూడ తీసేటట్టున్నవ్!”

ఇంకాసేపటికి తలుపు మీద వేళ్ళతో కొట్టిన చప్పుడు. “సత్తెమ్మా, నువ్వేనా?” రసజ్ఞ గొంతు, గారు లేకుండా. “రూల్ తెలుసు కదా నీకు. త్వరగా రా. ఇక్కడ అందరం వెయిట్ చేస్తున్నాం. నాకు అర్జెంటు.”

పనిలో చేరిన నాలుగేళ్ళలో ఆ గొంతు పిలిస్తే ఆమె పరుగెత్తని రోజు లేదు. ఇవాళ కదల్లేదు.

“నాదింక కాలే మేడం,” అంది సత్తెమ్మ లోపలి నుంచి. “జర ఆపుకో.”