పైచెక్క పలికిన చోటు

మా బావమరిదికి చెవులు లేవని కాదు, కళ్లజోడు తగిలించుకోవడానికి తప్ప వాడు వాటిని వాడడు. వాడికి స్కేలుబద్ద అని పేరు పెట్టింది నేనే. పాట వినిపిస్తే బాగుందనడు, ఎన్ని నిమిషాలుందని అడుగుతాడు.

మేం చేసేది ఆర్చ్‌టాప్ గిటార్లు. పైచెక్కను వయొలిన్‌లాగా లోపలా బయటా తొలిచి ఉబ్బెత్తుగా చెక్కాలి. మందంగా వదిలితే మూగబోతుంది. మరీ పలచన చేస్తే తీగల ఒత్తిడికి కుంగిపోతుంది. ఎక్కడ ఆపాలో చెక్కే చెబుతుంది, వేలి కణుపుతో తట్టి వినాలంతే. ముప్పై నాలుగేళ్లుగా నేను అలాగే చేస్తున్నాను. స్కేలుబద్ద మాత్రం మందం కొలిచే గేజీ పెట్టి, అంకె చూసి, నోటుబుక్కులో రాసుకుంటాడు. వాడికి నాదం గురించి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ఈసారి గిటారు ఒక హోటల్లో వాయించే ఆవిడకి. భోజనాల హాలు, పళ్లాల మోత, స్పీకరు పెట్టనివ్వరు.

"చివరి బల్ల దాకా వినబడాలి మాస్టారూ. లేకపోతే వచ్చే నెల నుంచి నా బదులు ఇంకొకర్ని పెట్టుకుంటామన్నారు," అంది.

ఆవిడ వెళ్లగానే స్కేలుబద్ద మొదలెట్టాడు. "గిటారు పొట్ట లోతు రెండున్నర అంగుళాలు చాలు బావా. ఎక్కువైతే మోత పొట్టలోనే తిరుగుతుంది. పళ్లాల మధ్య తేలదు."

"అగ్గిపెట్టెలో ఏనుగుని కట్టేస్తావా?" అని, మూడుంపావు ఖాయం చేశాను. వాడు అది కూడా రాసుకున్నాడు.

పద్దెనిమిదేళ్లు ఆరబెట్టి దాచిన స్ప్రూస్ చెక్క, దేవదారు లాంటిది, ఒకటుంది నా దగ్గర. అలాంటిది ఇంకోటి లేదు. ఆవిడ కోసం దాన్నే దించాను. చిత్రిక పట్టి తట్టాను. దబ్ మంది. ఇంకాస్త తీశాను. మళ్లీ దబ్బే. ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాను గానీ, ఆ చెక్క నిజంగానే మొండిదనిపించింది.

"బావా, నడుమ ఏడు మిల్లీమీటర్లకొచ్చింది. ఆపితే బాగుంటుందేమో," అన్నాడు.

"నీ ఏడు తీసుకెళ్లి అటక మీద పెట్టు."

మర్నాడు ఆరన్నాడు. ఆ మర్నాడు ఐదున్నరన్నాడు, గొంతు బాగా తగ్గించి. తర్వాత అంకెలు చెప్పడం మానేశాడు. ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందని సంతోషించాను.

వారం తిరిగేసరికి పని ఎంతవరకొచ్చిందో చూద్దామని ఆవిడ వచ్చింది. బల్ల మీది పైచెక్కని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని తట్టింది.

"ఎంతసేపు మోగుతోందో," అంది.

కాకా పడుతోందనుకున్నాను. కాకా పట్టేవాళ్లు మన మొహం చూస్తారు. ఆవిడ చెక్కనే చూస్తోంది. ఆ మోత ఆగేదాకా కదల్లేదు కూడా. నాకు మాత్రం దబ్ మన్నది ఎప్పుడో అయిపోయింది.

బావమరిది వైపు తిరిగాను. వాడు కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు.

"ఎప్పట్నుంచి మోగుతోందిరా?"

"ఏడు మిల్లీమీటర్ల దగ్గర్నుంచి."

"మోగుతోందని ఒక్క ముక్క చెప్పి చావచ్చుగా?"

"చెబితే ఏమంటారు బావా? నీకు చెవులెప్పుడు మొలిచాయిరా అంటారు. అందుకే అంకె చెప్పాను." కళ్లజోడు పెట్టుకుని, "మీకు సన్నటి చప్పుళ్లు వినబడట్లేదని అక్కకి ఎప్పుడో తెలుసు. మీతో అనడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు," అన్నాడు.

చెవులు మొలవడం గురించి వాడన్నాడే, అచ్చం అదే మాట అనేవాణ్ని. ఒక్క అక్షరం కూడా తేడా లేదు. నా నోటికి జడిసి ఇంట్లో ఇద్దరు మనుషులు నేను చెవిటివాణ్నవుతున్నానన్న మాట దాచుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

గేజీ పెట్టమన్నాను. నాలుగు పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. అది తీగలు బిగించిన నెలకే కుంగే మందం.

"అమ్మా, చెక్క పాడుచేశాను," అన్నాను ఆవిడతో. "నాకు వినబడక తీసుకుంటూ పోయాను."

"మరి నా గిటారు?"

"వీడు చేస్తాడు. లోతు కూడా వీడు చెప్పినంతే. చెక్కడం నేర్పింది నేనే, చెయ్యి మంచిదే."

స్కేలుబద్ద తన కోసం దాచుకున్న స్ప్రూస్ చెక్క తెచ్చి నిలబడ్డాడు. నేను ఏం వెక్కిరిస్తానో అని నా వైపు చూశాడు.

"తట్టరా," అన్నాను.

తట్టాడు. నాకు దబ్ మనే వినిపించింది. ఆవిడ మొహం విప్పారింది.