డీ డ్రైవులో నాన్న గొంతు

ఆ పని చేసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా సందులో వాళ్ళందరూ ఇప్పుడు ‘కంప్యూటర్ పాడైపోయిందట పాపం’ అని జాలిపడుతున్నారు. కంప్యూటర్ నిక్షేపంలా ఉంది. అందులో ఉన్నదాన్ని పాడుచేసింది స్టెఫీ, అంటే నేను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, తీరిగ్గా కూర్చుని మరీ పాడుచేశాను.

మా నాన్న జాన్ పాల్ పోర్టులో ముప్పైయేళ్ళు క్రేన్లకి సిగ్నలిచ్చాడు. చెయ్యి ఊపడమే కాదు, పైనున్న ఆపరేటర్‌కి వినపడేలా అరవాలి. ఇంట్లోనూ అదే గొంతు. జ్ఞానాపురంలో మా సందు మొదట్లో ఉండేవాళ్ళకి మా ఇంట్లో ఆ పూట కూరేమిటో తెలిసిపోయేది. పోయిన డిసెంబరులో ఆ గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు. ఫిబ్రవరికి కేన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు అన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కి పదిహేను రోజుల తర్వాతి తేదీ రాసిచ్చాడు.

గొంతు ముందే రికార్డు చేసి ఉంచుకుంటే, ఆపరేషన్ తర్వాత ఫోనులో టైపు చేసిన మాటల్ని ఆ గొంతుతోనే పలికించవచ్చని టెలిగ్రామ్‌లో ఒక తెలుగు గ్రూపువాళ్ళు చెప్పారు. కంప్యూటర్లో విండోస్‌కి బదులు లినక్స్ వాడేవాళ్ళ గ్రూపది. ఒక్కరి మొహమూ నేను చూడలేదు. ఎలమంచిలి నుంచి నాగవంశీ అని ఒకాయన దగ్గరుండి నేర్పించినట్టే నేర్పించాడు. ఏ మైకు కొనాలి, రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఎందుకు ఆపాలి, ఒక్కో వాక్యాన్ని ఒక్కో ఫైలుగా ఎలా దాచాలి, అన్నీ ఆయనే.

పదమూడు రోజులు చదివించాను నాన్న చేత. ఆరువందల నలభై వాక్యాలు. ఫ్యాను లేక చెమటలు కారుతుంటే, నొప్పెడుతుంటే, నీళ్ళు తాగి మళ్ళీ చదివేవాడు.

“ఇంకెన్నున్నాయే తల్లీ?” అన్నాడొకరోజు.

“ఇప్పుడు నోరు మూయకు నాన్నా, తర్వాత ఎలాగూ మూసుకోవాలి” అనేశాను. నా నోరు అలాంటిది. అన్నాక నాకే ఛీ అనిపించింది. నాన్న మాత్రం నవ్వి, “ఇది కూడా రికార్డయిపోనాదేటే?” అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడకింద ఊపిరి కోసం పెట్టిన చిల్లుతో, దానిమీద పల్చటి గుడ్డతో ఇంటికొచ్చాడు. ఏం కావాలన్నా నోటుబుక్కులో రాస్తాడు. రోజుకి నాలుగుసార్లు ‘ఎప్పుడు?’ అని రాసి నా మొహం ముందు పెట్టేవాడు. ఎప్పుడు మాట్లాడతాను అని.

గొంతు తయారుచేసే ప్రోగ్రాం లినక్సులోనే సరిగ్గా నడుస్తుంది. నాకేమో ఆఫీసు పనికి విండోస్ ఉండాలి. “రెండూ ఎట్టుకో సిస్టర్. ఆన్ సేసినప్పుడు ఏది కావాలో అదే అడుగుతాది” అన్నాడు నాగవంశీ.

ఇక్కడ గవర్రాజు సంగతి చెప్పాలి. మద్దిలపాలెంలో మా ఆఫీసు కింద కంప్యూటర్లు బాగుచేస్తాడు. పదేళ్ళుగా మా అందరికీ ఒకటే పాఠం చెప్పాడు. “సీలో ఏటీ ఉంచకమ్మా. అన్నీ డీలో ఎట్టీ. నాను ఫార్మేట్ కొట్టినా డీ జోలికెల్లను.” నిజంగానే వెళ్ళేవాడు కాదు. విండోస్ పాడైనప్పుడల్లా సీ డ్రైవు ఊడ్చేసేవాడు, డీలో పెళ్ళి ఫోటోలూ పిల్లల సర్టిఫికెట్లూ చెక్కుచెదరకుండా ఉండేవి. మా ఆఫీసులో, మా చర్చిలో, మా సందులో డీ అంటే బ్యాంకు లాకరే. ఉన్నది ఒకటే డిస్కని, దానిమీద గీసిన గీతకి అటు సీ, ఇటు డీ అని, ఇన్నాళ్ళూ ఆ గీతని కాపాడింది గవర్రాజు జాగ్రత్తేనని మాలో ఒక్కరికీ తెలీదు.

నాన్న వాక్యాలన్నీ డీలో పెట్టాను. రెండో కాపీ ఒక పెన్‌డ్రైవులో ఉండేది. లినక్స్ ఎక్కించడానికి పెన్‌డ్రైవు కావాలన్నారు. ఇంట్లో ఉన్నది అదొక్కటే. డీలో ఉన్నాయి కదా అని దాన్ని ఖాళీ చేసేశాను. ఎంత తెలివో చూడండి.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. నాన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు, ఆ రోజే మాట వచ్చేస్తుందన్నట్టు. విండోస్‌ని ఉంచి పక్కన లినక్స్ పెట్టమనే ఆప్షన్ ఒకటి రావాలి. రాలేదు. స్క్రీను ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. నాగవంశీ వెంటనే రాశాడు.

“డిస్కుకి లాకేదో పడినట్టుంది సిస్టర్. అంతా తుడిసేసి రెండూ కొత్తగా ఏసుకుంటే గొడవొదిలిపోద్ది. బ్యాకప్ ఉందా?”

“ఉందన్నా.”

“నాన్నగారి రికార్డింగులు కూడానా?”

“అన్నీ ఉన్నాయి. పొద్దున్నే చూసుకున్నాను.”

“అయితే ఎరేజ్ కొట్టీ.”

ఎక్కడ పెట్టావని ఆయన అడగలేదు. డీలో అని నేను చెప్పలేదు. ఆయన మనసులో బ్యాకప్ అంటే బయట ఇంకో డిస్కు. నా మనసులో గవర్రాజు.

స్క్రీను మీద ఎర్రక్షరాలు కూడా వచ్చాయి, డిస్కులో ఉన్నదంతా పోతుందని. చదివాను. సీ గురించే కదా అనుకున్నాను. నాన్న ఆ ఎరుపు చూసి నా మోచెయ్యి తట్టాడు. ఆ వెంటనే పెన్ను తీసి రాయబోయాడు. “నాకు తెల్సు నాన్నా, నువ్వూరుకో” అన్నాను. నొక్కేశాను. తర్వాత చూస్తే పుస్తకంలో ‘ఆగ’ వరకే ఉంది. గొంతే ఉంటే ఆ ఒక్క కేకకి నా చెయ్యి గాల్లోనే ఆగిపోయేది.

ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కొత్త తెర, కొత్త రంగులు. డీ కోసం వెతికాను. ఎక్కడా లేదు.

“అన్నా, డీ ఎక్కడుంటాది?”

నాగవంశీ టైప్ చేస్తున్నట్టు కనపడింది, ఆగింది, మళ్ళీ కనపడింది. “సిస్టర్, బ్యాకప్ డీలో ఎట్టావా?” చివరికి ఇంతే వచ్చింది. ఆ వెనకే, “వెంటనే ఆపేయ్. ఇంకేటీ ముట్టుకోకు. రేపు నానొత్తాను.”

‘అయిపోయిందా?’ అని రాసి చూపించాడు నాన్న.

“ఇంకా టైం పడతాది నాన్నా” అన్నాను.

మర్నాడు నాగవంశీ రైలెక్కి వచ్చాడు. అన్నా అన్నా అని పిలిచిన మనిషికి యాభై దాటాయి, నెరిసిన మీసం. పాలిటెక్నిక్ ల్యాబులో పనట, సెలవు పెట్టొచ్చాడు. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా వంచిన తల ఎత్తలేదు. అమ్మ భోజనానికి రమ్మంటే చెయ్యి ఊపాడు. నాలుగింటికి నన్ను వీధరుగు మీదకి పిలిచాడు.

“పాత రకం డిస్కయితే ఏదో ఒకటి తవ్వి తీద్దుం. ఇది తుడవమంటే నిజంగానే తుడిసేత్తాదమ్మా. ఏటీ నేదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మరి అంత ధీమాగా ఎరేజ్ కొట్టీ అన్నావేటి? నీ తండ్రిదైతే కొట్టమందువా?” అని సందంతా వినపడేలా అరిచాను. గొంతు మాత్రం నాన్నదే వచ్చింది నాకు.

“ఎక్కడెట్టావని అడగాల. అందరినీ అడుగుతాను. నిన్నే అడగనేదు” అన్నాడాయన. రుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తప్పు నీది కాదు అనాలని నాకు తెలుసు. అనలేదు. ఆయన ఒక్కడే నడిచి స్టేషనుకి పోయాడు.

లోపలికొచ్చి నాన్న ముందు నేలమీద కూర్చున్నాను.

“పోయింది నాన్నా.”

‘ఎంత?’ అని రాశాడు.

“మొత్తం. నేనే తుడిచేశాను. నువ్వు ఆపబోయినా వినలేదు.” ఇక ఆపుకోలేక భోరుమన్నాను. నా ఏడుపు అయ్యాక నాన్న పెన్నుకి మూత పెట్టాడు. జేబులో పెట్టుకున్నాడు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు.

అమ్మ అటు తిరిగి చేపలు వేపుతోంది. పెనం సుయ్యిమంటోంది. నాన్న పెదవులు కదిలాయి. ఆరోగ్యం. అమ్మ పేరది. ముప్పైరెండేళ్ళుగా అలాగే పిలిచాడు. మెడకింద గుడ్డ కొంచెం ఎగిరింది, అంతే. అమ్మ తిరగలేదు. మళ్ళీ పిలిచాడు, ఈసారి మెడ నరాలు తేలేలా. అమ్మ చేప తిరగేసింది.

నాన్న నా వైపు చూశాడు.

“అమ్మా, నాన్న పిలుత్తన్నాడు” అన్నాను.

“ఏటి కావాలంట?” అంది అమ్మ, వెనక్కి తిరక్కుండా, నాతో.