ఎవరి చేతి నూలు

దీని గుండె నా మోకాలి కింద ఎంత గట్టిగా కొట్టుకుంటోందో, పిచ్చి గొర్రె, ఏటా ఇదే ముంగిట్లో ఇదే కత్తెరతో బొచ్చు తీయించుకుంటూ కూడా ఇవాళే గొంతు కోస్తారన్నట్టు వణుకుతుంది, ఉండవే, కదలకు, చర్మం తెగితే మాట పడేది నేనే కదా, నాలుగు కాళ్ళూ కలిపి కట్టేశాను, ఇంకెక్కడికి పోతావు, నా గుండె కూడా ఇలాగే కొట్టుకుంటోంది గాని నన్నెవరూ కట్టేయలేదు, ముంగిటి అవతలి కొసన ఆడవాళ్ళు కూర్చున్నారు, అంతే, వాళ్ళ మధ్య వెదురుబుట్ట, బుట్ట నిండా నూలు ఉండలు, పైనున్నవి నా భార్య అన్యుమో వడికినవి, కింద ఉన్నవి నేను వడికినవి, ఆ సంగతి ఈ ముంగిట్లో ఇద్దరికే తెలుసు, నాకూ అన్యుమోకూ, అగోమో చెయ్యి ఇంకా పైనున్న ఉండల మీదే ఉంది, కిందికి పోకూడదు, పోకుండా ఎలా ఉంటుంది, నేసేది ఆవిడే కదా, ప్రతి ఉండా విప్పి చూసుకోకుండా మగ్గం కట్టదు.

అన్యుమో గోడవారగా ఎండలో కూర్చుంది, కుడిచెయ్యి వాలా లోపల దాచుకుంది, భుజాల నుంచి మడమల దాకా కుచ్చులతో వేలాడే ఆ ఉన్ని కంబళి ఆమె తన చేత్తో వడికి నేసుకున్నదే, ఇప్పుడు ఆ చేతినే దాచడానికి పనికొస్తోంది, దుంపలు నాటే రోజుల్లో పొలంలో అలాగే ఒక పక్కకు ఒరిగిపోయింది, నేను పరిగెత్తుకెళ్ళేసరికి మట్టిలో మొహం పెట్టి నన్ను చూస్తోంది, మాట లేదు, తర్వాత మాట వచ్చింది, నడక వచ్చింది, బిమోను, మా పూజారిని, పిలిపించి మంత్రాలు చదివించి కోడిని కోయించాం, ఆయన పొయ్యి పక్కన కూర్చుని తెల్లవార్లూ చదివాడు, చెయ్యి మాత్రం రాలేదు, ఆ చెయ్యి అంటే మామూలు చెయ్యా, ఆమె కొండెక్కుతూ వడికేది, వీపున కట్టెల మోపుతో వడికేది, కబుర్లాడుతూ వడికేది, కదురు ఆమె పక్కనే తిరుగుతూ వచ్చేది, పెంపుడు కుక్కపిల్లలా, నేను దాన్ని ఏనాడూ చూడలేదు, అంటే చూశాను, వాన పడుతుంటే చూస్తాం కదా, అలా.

అవతలి కొండమీద మా మేనత్త ఉంది, అన్యుమో తల్లి, కళ్ళు పోయాయి, పళ్ళు పోయాయి, ఒక్క కోరిక మాత్రం పోలేదు, తనను కొండమీద కాల్చే రోజున కూతురి మంద ఉన్నితో నేసిన నల్ల వాలా కప్పుకుని పోవాలి, పూర్వీకుల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇది నా బిడ్డ చేసిందని చెప్పుకోవాలి, మేం చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా అదే మాట, ఎంతవరకు వచ్చిందే అని వేళ్ళతో గాలిలో తడుముతుంది, సగం అయిందమ్మా అంటుంది అన్యుమో, సగం దగ్గరే ఆ చెయ్యి పడిపోయింది, ఒకరోజు పొయ్యి దగ్గర బూడిదలో దుంపలు కాలుతుంటే ఉన్నట్టుండి బావా, నువ్వు వడుకు అంది, నవ్వాను, నవ్వుతావేంటి, నిజంగానే అంటున్నా, ఎవరినైనా అడుగుదాంలే అన్నాను, ఎవరినడుగుతావు, ఎవరి ఇంటి ఉన్ని వాళ్ళకుంది, ఎవరి ముసలివాళ్ళు వాళ్ళకున్నారు, ఇది మన పొయ్యి దగ్గర కావాల్సిన పని, మగాణ్ణి, కదురు పట్టుకుంటే ఊళ్ళో ఎవరైనా చూస్తే ఏం కావాలి, పక్కింటి లాబూ చూశాడంటే లోయ దాటి చెప్పొస్తాడు, అప్పుడామె నన్ను కాసేపు చూసి, తలుపు వేసుకో అయితే అంది.

తలుపు వేసుకున్నాను, పట్టపగలు తలుపు వేసుకుని దొంగలా కూర్చున్నాను, నా సొంత మంద ఉన్ని నా చేతుల్లో కొత్తగా ఉంది, వేళ్ళంతా జిడ్డు, ముళ్ళు ఏరుతుంటే గుచ్చుకుంటున్నాయి, పుట్టినప్పటి నుంచీ గొర్రెల్ని మోశాను, పురుడు పోశాను, కోశాను, ఈ బొచ్చు దారమయ్యేది ఎలాగో తెలియదు, పీచు లాగి కదురు తిప్పి వదిలాను, తెగింది, కదురు దొర్లి బూడిదలో పడింది, మళ్ళీ తెగింది, మేకపిల్లను చెవి పట్టి ఈడ్చినట్టు ఈడుస్తావేంటి బావా, వేళ్ళు వదులు చెయ్యి, పురి పైకి పాకకముందే సన్నం చెయ్యాలి, పాకాక నువ్వెంత లాగినా రాదు, అదిగో, మళ్ళీ ముద్ద, ఇవేం దారాలు, పాము ఎలకల్ని మింగినట్టుంది, అని నవ్వింది, నేనూ నవ్వాను, ఇలా చూడు అని చూపించబోయింది, ఎడమచేత్తో పీచు అందుకుంది, కుడిచెయ్యి కదురు కోసం రావాలి కదా, రాలేదు, భుజం మాత్రం కదిలింది, పీచు మళ్ళీ నా చేతిలో పెట్టి, నువ్వే తిప్పు, నేను చెప్తుంటాలే అంది.

కొండమీద మందతో పాటు వడికాను, పెద్ద బండ చాటున గాలి తగలని చోట, ఎండ కాస్తుంటే ఉన్ని మెత్తబడి చేతికి లొంగేది, ఒకసారి అడుగుల చప్పుడైతే కదురు చొక్కాలో దోపేశాను, మొన పొట్టలో దిగింది, వచ్చింది లాబూ, పొగాకుందా వుసా అని తాపీగా బండమీద కూలబడ్డాడు, తన కొత్త గుర్రం గురించి చెప్పాడు, పెళ్ళాం తిట్టింది చెప్పాడు, నేను ఊ కొడుతూ కూర్చున్నాను, పొట్టమీద వెచ్చగా రక్తం జారుతోంది, ఏంటలా వంగి కూర్చున్నావు, కడుపునొప్పా అన్నాడు, అవును అన్నాను, వాడు పోయాక చూసుకుంటే ఉన్నికి కూడా రక్తం అంటింది, నా పొట్టకంటే ముందు అదే తుడిచాను, ఎందుకో, ఆ సాయంత్రమే అనుకుంటా, బారెడు దారం తెగకుండా వచ్చింది, అరవబోయి నోరు మూసుకున్నాను, ఇంటికి తెచ్చి ఆమె చేతిలో పెడితే పెదాల మధ్య పట్టుకుని లాగి చూసింది, నాసిరకమే, అయినా దారమే అంది, లోపల గంతులేశాను, బయటికి మాత్రం ఏముందిలే అన్నట్టు మొహం పెట్టాను, తలుపు గడియ వేసుందో లేదో ఇంకోసారి చూసుకున్నాను.

ఇదేంటి, అంటోంది అగోమో, కత్తెర ఆగింది, నా చెయ్యి ఆగింది, నా మరిది పెళ్ళాం కాదు, నా బావమరిది పెళ్ళాం ఆవిడ, మాటలు కూడా తారుమారవుతున్నాయి నాలో, కింది ఉండ ఒకటి తీసి వెలుతురుకు పట్టింది, వేళ్ళ మధ్య నడిపింది, తెగింది, ఇంకో చోట లాగింది, తెగింది, వదినా, ఇది ఎవరి చేతి నూలు, ఆడవాళ్ళు ఒక్కొక్కరూ అందుకుని చూస్తున్నారు, ముద్దలు చూడవే, ఇక్కడ వెంట్రుకలా ఉంది, ఇక్కడ వేలంత లావుంది, ఎవరి చేతిదో ఏంటి, చెయ్యి అలా అయ్యాక వడికింది అయ్యుంటుంది, పాపం ఎడమచేత్తో, అందరూ ఆమె వైపు తిరిగారు, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే, నోరు తెరిచాను, లాబూ నా పక్కనే ఇంకో గొర్రె కాళ్ళు కడుతున్నాడు, వాడి ఊపిరి నా చెవి పక్కనే, నోరు మూసుకున్నాను, అన్యుమో అంది, నాదే, ఒంటిచేత్తో ఎంతొస్తే అంతే మరి, అని నవ్వింది కూడా.

తలొంచుకుని బొచ్చు కత్తిరిస్తున్నాను, కరకర, కరకర, ఈ పొట్ట దగ్గరది అయిపోగానే చెప్తాను, నీ చేతి నూలు చూపించే కదే మా కోడళ్ళను తిట్టేదాన్ని అంటోంది ఒక ముసలావిడ, ఆ గొంతులో జాలి, ఆ జాలి అన్యుమో మీద పడుతోంది, ఊరంతా మెచ్చిన చెయ్యి మీద, పోయిన చెయ్యి మీద, నేను వడికిన ముద్దలన్నీ తీసుకెళ్ళి ఆ చెయ్యి మీద పోస్తున్నారు, తొడ దగ్గరది అయ్యాక చెప్తాను, వదినా ఏమీ అనుకోకు అంటోంది అగోమో, చెడ్డది కాదు ఆవిడ, గొంతు తగ్గించే అంటోంది, ఇవి పక్కన పెట్టేద్దాం, గుర్రానికి తాళ్ళు పేనుకోండి, తక్కువైన నూలు నేను మా ఇంటిది కలుపుతాను, అమ్మ మా మంద ఉన్నే అడిగింది అంది అన్యుమో, అత్తకు కళ్ళు కనపడవు కదా, ఎవరు చెప్తారు వదినా, అన్యుమో ఎడమచేత్తో ఆ ఉండలు ఒక్కొక్కటీ బుట్టలోంచి తీసి ఒళ్ళో వేసుకుంటోంది, ఎవరూ చూడకుండా కప్పేసుకుందామనేమో, తోక దగ్గరది ఒక్కటే మిగిలింది, అది కూడా అయ్యాక, అయ్యో, చర్మం తెగింది, గొర్రె ఒళ్ళంతా విదిలించుకుంది, ఎర్రగా పొంగింది, చూపెక్కడుంది వుసా, బొచ్చు తీస్తున్నావా తోలు తీస్తున్నావా, అన్నాడు లాబూ.

అవి నావి, అన్నాను, గొంతు నాది కానట్టుంది, ఎవరూ వినలేదు, లేచి నిలబడ్డాను, కత్తెర చేతిలోనే ఉంది, అవి నావి, అగోమో తలెత్తి, ఏవన్నయ్యా, ఆ నూలు, నీదే కదా అన్నయ్యా, గొర్రెలు నీవి, ఉన్ని నీది, ఎవరు కాదన్నారు, అది కాదమ్మా, వడికింది నేను, మంచివన్నీ అన్యుమోవి, చెయ్యి పడకముందువి, ముద్దలన్నీ నావి, ఒకావిడ కిసుక్కుమంది, ఇక ముంగిలంతా ఒకటే నవ్వు, లాబూ నేలమీద కూలబడి తొడ చరుచుకుంటున్నాడు, ఓరి నీ కడుపునొప్పి సంగతి ఇదా, ఎప్పుడు కంటున్నావు వుసా, పావడా కుట్టించమంటావా, మడతలు ఎన్ని పెట్టించమంటావు, నవ్వండి, చెవులు కాలిపోతున్నాయి, మెడ కాలిపోతోంది, నమ్మను అంటోంది ముసలావిడ, ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నాడు గాని మగాడు వడకడమేంటి, చొక్కాలో చెయ్యి పెట్టి, రోజూ దోపుకు తిరిగే కదురు తీశాను, అందరి ముందూ, ఇప్పుడే కత్తిరించిన బొచ్చులోంచి ఇంత పీచు లాగి, తిప్పి వదిలాను, తెగింది, నవ్వు మళ్ళీ లేచింది, వంగి తీసుకున్నాను, అతికాను, తిప్పాను, వేళ్ళు వదులు, పురి పాకకముందే సన్నం, పాకకముందే, దిగుతోంది, తిరుగుతూ దిగుతోంది, మోకాలి దాకా వచ్చింది, ఇంకా తెగలేదు.

నవ్వు ఎప్పుడు పలచబడిందో తెలియదు, పురి ఎక్కువైపోతోంది నాయనా, కాస్త ఆపి చుట్టుకో అంటోంది ముసలావిడ, మామూలు గొంతుతో, కోడలికి చెప్పినట్టు, చుట్టుకున్నాను, అగోమో అన్యుమో ఒళ్ళోంచి ఒక ఉండ అందుకుని మళ్ళీ లాగి చూస్తోంది, పడుగుకు పనికిరాదన్నయ్యా, బిగించగానే ఫట్‌మంటుంది, పేకకైతే సరే, పడుగంతా వదినది పెడతాను, అడ్డంగా నీది తోస్తాను, వాలా కాస్త గరుగ్గా వస్తుంది, అత్త వేళ్ళతోనే కదా చూసేది, ఇదేంటని అడిగితే అల్లుడి ముద్దలని చెప్పండి, మళ్ళీ నవ్వారు, ఈసారి నేనూ నవ్వాను, లాబూ గొర్రె దగ్గరికి పోయి తెగినచోట బూడిద అద్దుతున్నాడు, ఇంతేనా, ఇంత చిన్నదా, వడగళ్ళ వానంత సేపు కూడా లేదు, దీనికోసమా తలుపులు వేసుకున్నాను, దీనికోసమా పొట్టలో మొన దిగినా పొగాకు ఇచ్చి పంపించాను, ఒళ్ళు తేలికగా ఉంది, చూశావా అన్నట్టు అన్యుమో వైపు తిరిగాను, మెచ్చుకుంటుందనుకున్నాను, లేదా ఇంత ఆలస్యమా అని ఒక తిట్టు తిడుతుందనుకున్నాను.

ఆమె నన్నే చూస్తోంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, దాచుకోవడం మరిచిపోయిన కుడిచెయ్యి ఉండల పక్కన ఒళ్ళో పడుంది, ఆ మొహం మీద కోపం లేదు, నవ్వు లేదు, ఏంటది, ఎక్కడ చూశాను, పోయిందనుకున్న గొర్రె మంచులోంచి నడిచొస్తే చూస్తాం కదా, ఆశ్చర్యం, అన్యుమో నన్ను చూసి ఆశ్చర్యపోతోంది, తేలికంతా కాళ్ళ గుండా నేలలోకి దిగిపోయింది, నన్ను కాపాడడానికి ఆ మాట అందనుకున్నాను, అగోమో అడిగినప్పుడు ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు, చూసి, నేను చెప్తానేమోనని ఒక్క క్షణం ఆగి, అప్పుడు కదా అనాలి, ఆగలేదు, అడిగిన వెంటనే నాదే అంది, ఇంట్లో ఇంకెవరూ లేనట్టే అంది, ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి, నేను నోరు విప్పుతానని ఆమె అనుకోనేలేదు.