గుడ్డ లేని మిషను

ఖతీజాబీ మిషను తొక్కితే వీధి చివరిదాకా వినబడుతుంది. పాతకాలం నాటి కాలి మిషను, ఎంత నూనె పోసినా నోరు మూసుకోదు. లాక్‌డౌన్‌లో ఆ చప్పుడే ఆమెకు అక్కరకొచ్చింది. అక్కరకొచ్చిందని మురిసిపోయింది కూడాను, పిచ్చిది.

ఆమె భర్త హనీఫ్ రెడ్డిగూడెం నుంచి మామిడి లోడ్లు తోలేవాడు. అతనికి దగ్గు ముందునుంచే ఉంది. తిరువూరులో దుకాణాలు మూసేసి, బస్సులు ఆపేసిన రోజుల్లో అది ముదిరింది. అవేం రోజులు! ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, పక్కవాడు ఆమడ దూరం పరిగెత్తేవాడు. పై వీధిలో ఎవరికో జ్వరమని తెలిసిందో లేదో అంబులెన్సు వచ్చింది, ఆ వెనకే వీధికి అడ్డంగా కర్రలు కట్టేశారు. ఆ కర్రలు మన గుమ్మం ముందు పడితే ఇంకేమన్నా ఉందా, జన్మలో తలెత్తుకు తిరగగలమా అనుకుంది ఖతీజాబీ. కిటికీలన్నీ బిగించేసింది. అతనికి దగ్గు తెర వచ్చినప్పుడల్లా పరుగున వచ్చి మిషను మీద కూర్చుని, సూది కింద గుడ్డ ఉన్నా లేకపోయినా తొక్కేసేది. తాను వంటింట్లో ఉంటే మనవరాల్ని కేకేసేది.

"షహనా, తొక్కవే, తొందరగా తొక్కు!"

షహనా ఆమె కొడుకు కూతురు. బడికి సెలవులిచ్చారని విజయవాడ నుంచి తండ్రి తెచ్చి దింపి వెళ్ళాడు. బస్సులు ఆగిపోవడంతో పిల్ల ఇక్కడే ఉండిపోయింది. దానికి తోడు పక్కింటి మేరమ్మ మనవరాలు గ్లోరి. ఇద్దరూ మిషను పక్కన చేరి మాస్కులకు తాళ్ళు కత్తిరించేవాళ్ళు. అదే గదిలో, ఆ మూసిన గదిలో, మంచం మీద హనీఫ్. వీధి వీధికీ మాస్కులు కుట్టిచ్చిన మనిషి, ఇంట్లో దగ్గేవాడి మూతికి ఒక్కటంటే ఒక్కటి కట్టలేదు.

ఇంటింటికీ తిరిగి ఆరా తీసే వాలంటీరు షైని వచ్చినప్పుడు మాత్రం తలుపు ఓరగా తీసేది.

"ఆంటీ, ఇంట్లో ఎవరికన్నా దగ్గు, జ్వరం ఉన్నాయా?"

"అల్లా దయవల్ల అందరం బాగున్నామమ్మా," అనేది నవ్వుతూ.

బస్సులు మళ్ళీ తిరిగే నాటికి హనీఫ్ కళ్ళెలో నెత్తురు పడింది. ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు. పిల్ల కూడా చిక్కి సగమైంది, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. వేడి చేసిందనుకుని ఇన్నాళ్ళూ మజ్జిగ పోసింది. ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కరోనా కాదన్నారు. టీబీ అన్నారు. ఇద్దరికీ.

"దగ్గు మొదలైనప్పుడే వచ్చుంటే పాపదాకా పాకేది కాదమ్మా," అన్నాడు డాక్టరు. "గాలి ఆడకుండా కిటికీలు మూసుకుని ఎలా కూర్చున్నారు? సరే, మందులు మధ్యలో మానకుండా వాడితే ఇద్దరికీ తగ్గిపోతుంది. మీ ఇంటికి రాకపోకలున్న పిల్లలెవరైనా ఉన్నారా?"

"పక్కింటి పాప ఉందండీ."

"ఇవాళే చెప్పి పంపించండి. పరీక్ష చెయ్యాలి."

ఇవాళే అన్నాడాయన. ఖతీజాబీ ఇంటికొచ్చేసరికి మేరమ్మ గోడవారన నిలబడి ఉంది.

"హనీఫన్నయ్యకెలా ఉందక్కా? ఏమన్నారు?"

"ఏదో కఫం పట్టిందంట, మందులిచ్చారు," అనేసి లోపలికొచ్చి పడింది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు వచ్చింది, పోయింది కూడా. గోడవతల గ్లోరి గొంతు వినబడినప్పుడల్లా ఒంట్లో ముళ్ళు గుచ్చుకున్నట్టుండేది, అయినా కదల్లేదు.

ఆ మర్నాడు పొద్దున కిటికీలన్నీ బార్లా తెరిచి, వంటింట్లో గంజి కాస్తోంది. దడేలున కిటికీ మూసిన చప్పుడు. ఆ వెంటనే మిషను. పరిగెత్తుకొచ్చి చూస్తే షహనా బల్ల మీద కూర్చుని, సూది కింద గుడ్డముక్క కూడా లేకుండా, మొహం ఎర్రబడి దగ్గుతూ తొక్కుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"దగ్గొచ్చింది నానమ్మా. గ్లోరి వాళ్ళకి వినపడుద్ది కదా."

ఛీ, నేనూ ఒక మనిషినేనా అనిపించింది ఖతీజాబీకి. ఎవరు నేర్పారు ఆ పిల్లకి? పిల్లని మిషను మీంచి దింపి గుండెలకు హత్తుకుంది. కిటికీ మళ్ళీ తెరిచింది. తలమీద కొంగు సర్దుకుని, ఆలోచిస్తే మళ్ళీ ఆగిపోతానేమోనని వెనక్కి చూడకుండా మేరమ్మ గుమ్మంలోకి వెళ్ళింది.

అన్నీ చెప్పింది. దగ్గు, కిటికీలు, మిషను, షైనితో ఆడిన అబద్ధం, గ్లోరికి పరీక్ష చేయించాలన్న మాట, రెండు రోజులుగా నోరు మూసుకున్న సంగతి. మేరమ్మ చేతిలో బియ్యం చేట అలాగే ఉండిపోయింది.

"మరి గుడ్డేమీ లేకుండానే తొక్కేదానివా అక్కా?"

"ఊఁ."

"ఊరంతా పనుల్లేక కూర్చుంటే మా అక్క చూడు, పొద్దస్తమానం ఎలా కష్టపడుతుందో, పోయి దగ్గర కూర్చుని పని నేర్చుకోవే అని గ్లోరికి చెప్పి పంపేదాన్ని. అదిగో మిషను మొదలైంది, పో పో అని నేనే తోలేదాన్ని," అంది మేరమ్మ.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేట కింద పెట్టి లోపలికి తిరిగి, "గ్లోరీ, గౌను మార్చుకోవే, ఆసుపత్రికెళ్ళాలి," అని కేకేసింది.

గ్లోరి గెంతుకుంటూ బయటికొచ్చింది. ఖతీజాబీని చూసి మొహం చాటంత చేసుకుని, "మిషను చప్పుడు విన్నాను, ఇవాళ రమ్మంటారా మామ్మా?" అని అడిగింది.

ఖతీజాబీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.