గోడ పేరున

"గా అద్దం మీద దుమ్మేంది పిల్లా? సార్లు పైకొస్తే ఏమనుకుంటరు, గీ ఇంట్ల కోడలు లేదా అనుకోరా?"

మా అత్తమ్మ ఇంద్రమ్మ ఆ మాట అన్నాకే డాబా మీది గాజు పలకను తుడవడం మొదలుపెట్టాను. ఆ పలక మాది కాదు, హైదరాబాద్ నుంచి వచ్చే లెక్కల సార్లది. తాండూరులో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల దుమ్ము ఏ గాలికి ఎటు పోయి ఎక్కడ వాలుతుందో ఈక్వేషన్లతో కట్టి చూపిస్తారట. అందుకని మా వీధిలో కొన్ని డాబాల పిట్టగోడల మీద ఇలాంటి పలకలు బిగించారు. వినీత అనే అమ్మాయి వారానికోసారి వచ్చి పాతది తీసుకుని కొత్తది పెట్టి పోతుంది. మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లు పైన మా ఆయన మహిధర్‌తో ఏం చెప్పారో నేను వినలేదు. కింద వాళ్లకే చాయ్ పెడుతున్నాను.

తుడవడం నాకు కొత్త కాదు. మా బండల ఫ్యాక్టరీ కూడా పెరటి గోడకు అవతలే. పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. మా శ్రేయకు మూడేళ్లు కూడా నిండలేదు, పడుకుంటే గొంతులో పిల్లి కూతలు. ఆ పిల్ల ఊపిరి వింటూ నా ఊపిరి బిగబట్టుకోవడం అలవాటైపోయింది. వికారాబాద్ డాక్టరమ్మ దుమ్ము తగలనివ్వొద్దని చెబితే, బయటికొచ్చి కారెక్కుతూ మా ఆయన అన్నాడు: "విన్నవా? నువ్వు సక్కగ తుడుస్తలేవు. గందుకే పిల్లకు దమ్ము." అప్పటినుంచి మంచాల కాళ్లు, ఫ్యాను రెక్కలు, బొమ్మల కళ్లు కూడా తుడుస్తున్నాను. తుడవని చోటు ఎక్కడైనా మిగిలిపోయిందేమో, పిల్ల దగ్గు అక్కడి నుంచే వస్తోందేమో అని భయం.

ఒకరోజు అన్నం తింటూ ఆయన, "పైన పలక మంచిగ తుడుస్తున్నవ్. గట్లనే తుడువు" అన్నాడు. బంట్వారంలో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు పరీక్షలు రాయకుండానే పెళ్లయి వచ్చిన నాకు, ఈ ఇంట్లో నా పనికి దక్కిన మొదటి మెప్పు అది. ఆ పూట కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

పోయిన వారం వినీత పలక మారుస్తూ అడిగింది. "అక్కా, మీ పలకొక్కటే ఎప్పుడూ ఇంత క్లీన్‌గా ఉంటోంది. దీన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు కదా? దాని మీద పడ్డ దుమ్మునే మేం కొలిచేది, ముట్టుకోవద్దని మొదటి రోజే సార్‌కి చెప్పాం."

నా చేతిలో తడిగుడ్డ ఉంది. కొంగు చాటుకు తీసుకున్నాను. "మా ఆయనకు చెప్పిండ్రా?" అని మాత్రం అడగగలిగాను.

"ఆయనకే చెప్పాం అక్కా."

నిన్న ఆయన ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. "మన ఇంటి దిక్కు దుమ్మే లేదని రిపోర్టొస్తది. ఇగ ఎవడు ఆపుతడు? కొత్త కటింగ్ మిషన్ పెరటి గోడకే ఏస్తం."

ఆ గోడకు ఇవతల శ్రేయ పడుకునే గది. ఫోన్ పెట్టాక అదే అన్నాను.

"నీకెందుకే గా ఫికరు? కిటికీ ఏసుకో."

ఇవాళ పొద్దున గుడ్డ తడిపి పైకెళ్లాను. పలక ముందు కాసేపు నిలబడ్డాను. గుడ్డ పిండేసి, తీగ మీద ఆరేసి దిగి వచ్చాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియదు.

పదకొండింటికి వినీత, వాళ్ల పెద్ద సారు చంద్రకాంత్ వచ్చారు. హాల్లో లాప్‌టాప్ తెరిచి మా వీధి పటం చూపించారు. అంతా ఎరుపు. మధ్యలో మా ఇల్లొక్కటే పచ్చగా.

"మొదట మాకూ అంతు పట్టలేదండీ," అన్నాడు సారు. "ఫ్యాక్టరీకి ఇంత దగ్గర ఇంట్లో దుమ్ము లేకపోవడమేంటని. మీ పెరటి గోడ గాలిని పైకి ఎగదోస్తూ ఉండాలి. ఆ గోడ కోసం ఈక్వేషన్‌లో ఒక టర్మ్ కలిపాం. లెక్క చక్కగా కుదిరింది."

"మా నాయిన కట్టిచ్చిన గోడ సార్ గది," అన్నాడు మా ఆయన.

"గప్పట్ల పని గట్లుండె," అంది అత్తమ్మ.

చాయ్ ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇన్నాళ్ల నా చాకిరీని కొలిచినవాళ్లు ఇప్పటికి దొరికారు. కొలిచి, గోడ పేరున రాసుకున్నారు. లోపల శ్రేయ దగ్గింది. మళ్లీ దగ్గింది.

ట్రే కింద పెట్టాను. "గోడ కాదు సార్. రోజూ నేను తుడుస్తున్న."

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. రాత్రికి అది నవ్వులా ఉండదు.

"ఆమెకేం తెల్వది సార్. రుచితా, పిల్ల ఏడుస్తుంది సూడు. లోపలికి పో."

పిల్ల ఏడవడం లేదు, దగ్గుతోంది. వెళ్లి ఎత్తుకుని మళ్లీ హాల్లోకే వచ్చాను. వినీత నావైపే చూస్తోంది.

"ఇయ్యాల తుడవలే మేడం," అన్నాను. "పైకి రాండ్రి."

నా వెనక ఎవరు లేచారో, ఎవరు లేవలేదో చూడకుండా మెట్లెక్కాను.